మాట రుమాలు

భార్యాభర్తల తరగతి అన్నారు గానీ, ఉప్మాకి ఉల్లిపాయలు తరగడానికి ఆడవాళ్లం మాత్రమే గంట ముందు రావాలి. చీపురుపల్లిలో మా చర్చి వెనక రేకుల హాల్లో ప్రతి శనివారం ఆ తరగతి. మగాళ్లు తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కాలు తొడుక్కుని (ఉతికిందెవరని అడక్కండి) సరిగ్గా ప్రార్థన వేళకి వచ్చి కుర్చీల్లో కూర్చునేవారు. 'ఇంటిపని ఇద్దరిదీ' అని బోర్డు మీద రాసేవారు. మేం బయట గిన్నెలు తోముతూ కిటికీలోంచి ఆ అక్షరాలు చదువుకునేవాళ్లం. చదువుకోడానికి బాగానే ఉండేవి.

విజయనగరం నుంచి ఒక సంస్థ పంపితే వచ్చే ఆశ్రిత అనే అమ్మాయి పాఠం చెప్పేది. మంచి పిల్ల, ఆమె మీద నాకే కోపమూ లేదు. గిన్నెలయ్యాక మేమూ లోపలికి వెళ్లేవాళ్లం. కూలీనాలీ చేసుకునే మొగుడూపెళ్లాలు ముందు వరుసల్లో, పెళ్లికానివాళ్లూ మొగుణ్ని విడిచి వచ్చినవాళ్లూ వెనక వరుసలో. మా చెల్లి షీబా అక్కడ కూర్చునేది. దాని మొగుడు ధనరాజ్ దాని చెయ్యి విరగ్గొడితే, కట్టుతో మా ఇంటికి వచ్చేసింది. ఆ ధనరాజూ తరగతికి వచ్చి, ముందు వరుసలో మా ఆయన పక్కనే కూర్చునేవాడు. మారడానికి వచ్చాడట.

ఆశ్రిత జంటకో రుమాలు ఇచ్చింది. రుమాలు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది. రెండోవాళ్లు అడ్డు తగలకుండా విని, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. నువ్విలాంటిదానివి, అలాంటిదానివి అని తిట్టకూడదు, "నాకు బాధేసింది" అనాలి. మా ఆయన ఏసురాజు అందరికంటే ముందు నేర్చేసుకున్నాడు. ఇళ్లకి రంగులేసే మనిషి, పైపూత సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? "ఏసురాజుగారిని చూసి నేర్చుకోండి" అంది ఆశ్రిత. ఆయన సిగ్గుపడ్డాడు కూడాను.

ఇంటికి వచ్చాక ఆ రుమాలు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే. నేను ప్రైవేటు స్కూల్లో ఆయాని. పసిపిల్లల ముడ్లు కడిగి, గదులు తుడిచి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించానో లేదో రుమాలు బయటికి తీసేవాడు.

"కూర సల్లగా ఎట్టీసినప్పుడు నాకు బాదేసింది. మీ ఇస్కూలు మేష్టరుతో నువ్వు నవ్వుతుంటే నాకు బాదేసింది. మీ సెల్లి నా ఇంట్లో కూకుని తింటంటే నాకు బాదేస్తంది. ఇప్పుడు సెప్పు, నేనేటన్నాను?"

నేను తిరిగి చెప్పాలి. ఒక్క మాట తప్పితే మళ్లీ మొదటినుంచి. పొయ్యి మీద అన్నం అడుగంటుతూ ఉంటే నా నేరాలన్నీ నా నోటితోనే అప్పజెప్పేదాన్ని. ఉండబట్టలేక ఒకసారి నేనే రుమాలు లాక్కుని "నాకు అలుపొస్తంది మావా" అన్నాను. ఆయన ఆ మాటని నా గొంతు పెట్టి, మూతి తిప్పుతూ, వాళ్లమ్మ ముందు తిరిగి చెప్పాడు. మా అత్త గురమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మరింక ఎప్పుడూ నేను రుమాలు అడగలేదు.

కొట్టడం మాత్రం మానేశాడు. అది నిజం, అబద్ధం ఎందుకాడాలి? "ఇప్పుడు కొట్టడం నేదు కదే, ఇంకేటి కావాల నీకు? మీ మావ నన్ను సావగొడితే అడిగే దిక్కుండీది కాదు" అనేది అత్త. ఇంకేం కావాలో చెప్పడం నాకు చాతకాలేదు. ఇదివరకు చెంప వాచితే "ఏటే సుందరీ, ఏటయ్యింది?" అని వీధిలో ఒకరైనా అడిగేవారు. ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు. ఇదివరకు కొట్టేసి బయటికి పోయేవాడు, ఆ కాసేపూ ఇల్లు నాది. ఇప్పుడు పోడు. ఎదురుగా కూర్చుని చిన్నగా నవ్వుతూ ఉంటాడు. తల గోక్కోవడానికి ఆయన చెయ్యి లేచినా నా మెడ దానంతటదే వంగిపోతుంది. అది చూసి ఇంకొంచెం నవ్వుతాడు. ఛీ, ఏం బతుకు!

తరగతులు అయిపోయాయి. ఆదివారం ఆరాధనలో సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. ముందురోజు మా పాస్టరు అయ్యగారు నన్ను పిలిపించారు. "నువ్వు సాక్ష్యం చెప్పాలమ్మా. ధనరాజ్ కూడా మారాడు. మీ కాపురం ఎలా బాగుపడిందో నీ నోట వింటే షీబాకి ధైర్యం వస్తుంది. అట్నుంచి అటే అతనితో పంపించేద్దాం" అన్నారు. మా ఆయన పక్కనే నిలబడి తలూపాడు. ఇల్లు ఖాళీ అవుతుందని ఆయన సంతోషం.

ఆ సాయంత్రం షీబా పెరట్లో కవ్వళ్ల చేపలు తోముతోంది. కట్టు విప్పేసినా ఆ మోచెయ్యి పూర్తిగా చాపలేదు, చేపని కాలి బొటనవేలితో అదిమిపట్టుకుంటోంది. తలెత్తకుండానే అంది.

"అప్పా, అయ్యగారి మాట నేన్నమ్మను. ఆడి మాట అసలే నమ్మను. బావ మారిపోనాడని నువ్వు మైకులో సెప్తే ఎల్తాను. నువ్వు నాకు అబద్దం సెప్పవు కదా."

సాక్ష్యం చెబితే నా కాపురానికి ఢోకా లేదు. ధనరాజ్ దాని రెండో చెయ్యి కూడా విరగ్గొట్టడని మాత్రం నేను చెప్పలేను. చెప్పకపోతే ఆ మర్నాటినుంచి ఆయన ఎదురుగా ఎలా బతకాలో అదీ తెలీదు.

ఆదివారం ఏ చీర కట్టుకోవాలో ఆయనే తీసిచ్చాడు. "నవ్వుతూ సెప్పు" అన్నాడు దారిలో. చర్చి నిండిపోయింది. అయ్యగారు నా చేతికి మైకు ఇచ్చారు. ఆశ్రిత వీడియో తీయడానికి ఫోను పైకెత్తింది.

"అందరికీ వందనాలు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా ఆయన నన్ను కొట్టడం మానేసేడు."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా ధనరాజ్ కొట్టాడు. వెనక షీబా లేచి నిలబడి, బట్టల సంచి బాగున్న చేత్తో ఎత్తుకుంది. ఏడవడం లేదు. నన్నే చూస్తోంది. నా మాట నమ్మేసింది, అంతే.

"చాలమ్మా, దేవునికి స్తోత్రం" అంటూ అయ్యగారు మైకు కోసం చెయ్యి చాపారు. ఆయన పక్కన ఏసురాజు నవ్వుతున్నాడు. ఇంట్లో నవ్వే నవ్వే అది. నా మెడ వంగబోయింది. మైకు రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇంకా అవనేదయ్యగారూ" అన్నాను. "కొట్టడం మానేసేడు. బయపెట్టడం మాన్నేదు. షీబా, నువ్వు ఆడితో ఎల్లకు. నేనూ ఈయనతో ఎల్లను."