డొక్కల మెరక

దిమ్మిస దెబ్బ నేలమీద ఎలా పలకాలో అప్పాయమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆమె ముఠా ఆడవాళ్లు గన్నవరం చుట్టుపక్కల కట్టే ఇళ్లకి మెరక పోసి, తడిపి, దిమ్మిసలతో కొట్టి నేల గట్టి చేస్తున్నారు. ఆమె కొట్టిన నేలలో చెద లేచిందన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు. ఆ సంగతి ఆమె పైకి చెప్పుకోదు.

యాభై రెండులో ఊరి గ్రంథాలయానికి పెంకుటిల్లు మొదలెట్టారు. స్థలం ఇచ్చిన మాణిక్యాలరావుగారే దగ్గరుండి కట్టిస్తున్నారు. రెండు రోజులు ముసురు పట్టి పని ఆగింది. మూడోనాడు ముఠా వచ్చేసరికి నడిమి గదిలో మెరక పునాది గోడల అంచుదాకా నిండి ఉంది. దారిలో మాత్రం బండి చక్రాల జాడ లేదు.

అప్పాయమ్మ దిమ్మిస ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. పరుపు మీద గుద్దినట్టు మెత్తగా దిగింది. రెండోది వెయ్యలేదు. దిమ్మిస పక్కన పెట్టింది. వెనక ఉన్న పైడమ్మ కూడా, ఎందుకని అడక్కుండానే, తనది దించేసింది.

"ఏం అప్పాయమ్మా, అప్పుడే చుట్ట వేళయిందా?" అన్నారు మాణిక్యాలరావు.

"అడుగున ఏం పోయించేరండి?"

"తోట చివర కొబ్బరి డొక్కల కుప్ప ఏడాదై కుళ్లుతోంది. అది పోయించి పైన జానెడు ఇసక కప్పించేను. ఏరు పోటు మీదుంది, ఇసకెక్కణ్ణించి వస్తుంది? వచ్చే నెల్లో ప్రారంభం పెట్టుకున్నాం."

"డొక్కల మీద నేను కొట్టనండి."

తాపీ మేస్త్రి జగ్గయ్య గోడవైపు తిరిగి తూకం గుండు వేలాడదీసుకుని చూస్తున్నాడు. ఆ గోడ ఎప్పుడో సరిచూసిందే.

"మట్టి కొట్టేదానివి, పుస్తకాల ఇంటి సంగతి నీకేం తెలుసు?" అన్నారు మాణిక్యాలరావు.

"తెలవదండి. కిందటేడు పుస్తకాలుంచిన పాత పాకలో బీరువా తెరిస్తే పుస్తకాల బదులు మట్టి రాలింది గదండీ, ఆ మట్టి తట్టకెత్తి బయట పోసింది నేనేనండి. ఆయ్."

ఎవరో కిసుక్కుమన్నారు. మాణిక్యాలరావుగారి మొహం బిగుసుకుంది.

"నువ్వు కాకపోతే ముమ్మిడివరం ముఠాని పిలిపిస్తాను. వాళ్లు ఒకసారి కాలుపెడితే ఈ చుట్టుపక్కల పనులన్నీ వాళ్లవే అవుతాయి. ఆలోచించుకో."

అప్పాయమ్మ వెనక్కి చూసింది. ఐదుగురు ఆడవాళ్లు. ఐదు పొయ్యిలు. ఎవరూ దిమ్మిస మీద చెయ్యి వెయ్యలేదు.

"ఆలోచించేనండి" అంది. "గునపం ఇటియ్యి, జగ్గయ్యా."

జగ్గయ్య ఈసారి గోడ చూడలేదు. గునపం తెచ్చిచ్చాడు. ఆమె ఇసక తప్పించి, ఒక డొక్కని పెకలించి మాణిక్యాలరావుగారి చేతిలో పెట్టింది. దాని మీద సన్నటి మట్టిగీత పాకి ఉంది. ఆయన బొటనవేలితో నొక్కగానే అది చిట్లి, తెల్లటి చెదపురుగులు మణికట్టు మీదకి పాకాయి. ఆయన విదిలించుకున్నారు.

"ఏదో ఒకదానికి ఉంటే..."

ఆమె రెండోది తీసింది, మూడోది తీసింది, వరసగా గోడ మీద పెట్టింది. అప్పుడాయన గునపం తనే అందుకుని గది అవతలి మూలకి వెళ్లి తవ్వారు. వంగి చూస్తే అక్కడా అవే మట్టిగీతలు.

"టేకు బీరువాలు చేయిస్తున్నారట గదండీ. కింద వీటిని పెట్టి పైన అవి పెడితే, ఆకేసి వడ్డించినట్టేనండి."

"మరి ఇసక మాటేమిటి?"

"తమ పశువుల సావిడికని తోలించిన కుప్ప ఉంది గదండీ."

ఆయన ఆ మాట ఎవరూ అనరనుకున్నారు కాబోలు. ఉత్తరీయం ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నారు.

"ఎన్ని బళ్లు పడుతుంది?"

"పదకొండండి. తడిపి కొట్టేక ఇంకొకటి."

మధ్యాహ్నానికి డొక్కలన్నీ ఎత్తి దూరంగా పోసి తగలబెట్టారు. గది అడుగున సున్నప్పొడి చల్లారు. మొదటి బండి వచ్చి ఆగింది. అప్పాయమ్మ ఇసకలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి కెలికింది. రెండు కొబ్బరి ఈనెలు, ఒక చితుకు పైకి వచ్చాయి.

"జల్లించి పంపించండి."

బండివాడు మాణిక్యాలరావుగారి వంక చూశాడు. ఆయన అప్పాయమ్మ వంక చూశారు. ఆమె చూపు దించలేదు.

"తిప్పరా బండి" అన్నారాయన.

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బండి తోటలోకి మళ్లేదాకా చూసి, అప్పాయమ్మ చేతులు దులుపుకుని, పునాది గోడ మీద నడుం నిటారుగా పెట్టి కూర్చుంది.