పేర్లు విప్పే రోజు

మిల్లు మేస్త్రీ ప్యాంటుకు జిప్పు మార్చడం పూర్తయింది. చివరి దారాన్ని పంటితో తెంపి, వెర్నా దాన్ని హ్యాంగరుకు తగిలించింది. కత్తెర చేతికందేంత దూరంలోనే ఉంది. అయినా పళ్లతోనే తెంపుతుంది. ఆ అలవాటు వల్ల ముందుపన్ను ఒకటి అంచు అరిగి, నవ్వినప్పుడు చిన్న సందు కనిపిస్తుంది. ఆమె నవ్వేదే తక్కువ కాబట్టి ఆ సంగతి మా ఊళ్లో చాలామందికి తెలియదు.

బయట మంచు కరుగుతోంది. చూరు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. సరస్సు మీది పొగమంచు ఫ్రంట్ స్ట్రీటు దాకా నడిచొచ్చి, ఎదురుగా ఉన్న ఐలి బేకరీని సగం మింగేసింది. మార్చి నెలలో ఇలాంటి ఉదయాల్లో మా కాల్డర్ బే ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. కాగితం మిల్లు కూత వినపడితే గాని ఉందని నమ్మకం కలగదు. ఆ కూత కూడా ఇప్పుడు రోజుకు ఒక్కసారే.

"సంచి వచ్చిందా?" వెనకగదిలోంచి అన్న క్లెమ్ అడిగాడు.

"ఇంకా లేదన్నయ్యా."

"ఆ ఒర్విల్‌గాడు ఎక్కడో కాఫీ దగ్గర కూలబడి ఉంటాడు. ఒక్క పనికి తప్ప అన్నిటికీ ముందుంటాడు వెధవ."

వెనకగదికీ దుకాణానికీ మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మిల్లులో జీవితమంతా కాగితపు చుట్టలు దొర్లించిన క్లెమ్‌కు చక్కెర జబ్బు ముందు కళ్లు తీసుకుంది, తర్వాత గుండెను పట్టుకుంది. వసంతం చూస్తాడో లేదో అని డాక్టరు క్రిస్మస్ ముందే వెర్నాను పక్కకు పిలిచి చెప్పాడు. క్లెమ్‌కు కూడా ఆ సంగతి తెలుసు. దాని గురించి అతనికి పెద్ద బెంగ లేదు. అతని బెంగంతా కొంగల గురించి.

కొంగలంటే మా ఊరి ఐస్ హాకీ జట్టు, అసలు పేరు కాల్డర్ బే హెరాన్స్. నీలం జెర్సీ మీద ఒంటికాలి మీద నిలబడ్డ బూడిదరంగు కొంగ బొమ్మ. ఊళ్లో పిల్లా పెద్దా అందరూ కొంగలనే అంటారు, గెలిస్తే ముద్దుగా, ఓడితే కోపంగా. చాలా ఏళ్లుగా కోపంగానే అంటున్నారు. ఆట జరిగే మంచు రింకులో సగం కుర్చీలు ఖాళీ. యజమాని ఎక్కడో మహానగరంలో ఉంటాడు. మంచుగడ్డను ఫ్రిజ్‌లో తప్ప ఎరగని ఏదో దక్షిణాది ఊరికి జట్టును ఎత్తుకుపోతాడని శీతాకాలమంతా పుకార్లు. ఈ చలికాలం మా ఊళ్లో ఎవరింట్లో నలుగురు చేరినా అదే గోల. ఉంటాయా, పోతాయా?

ఆ ప్రశ్నకు జవాబు వెర్నా చేతుల్లో ఉంటుందని ఊరి నమ్మకం. ఆ నీలం జెర్సీలు బయటి ఊళ్లలో ఆడేటప్పుడే తొడిగేవి, ఆ ఆటలు ముగిశాక వాటితో ఇక పనుండదు. సొంతగడ్డ మీద చివరి ఆట రోజు పొద్దున్నే అవి సంచిలో వెర్నా దగ్గరికి వస్తాయి. వాటి వీపుల మీది పేర్లు ఆమె విప్పేస్తుంది. వచ్చే ఏడాది అవి సాధనలో తొడుక్కునే బట్టలు. కిటికీ దగ్గర కూర్చుని వెర్నా కుట్లు విప్పుతోందంటే వచ్చే ఏడాది అనేది ఉందన్నమాట. అందుకే ఆ రోజు ఎంత పని ఉన్నవాళ్లయినా ఆ కిటికీలోకి ఓసారి తొంగి చూడకుండా పోరు.

ఒర్విల్ పదింటికి వచ్చాడు. జట్టు సామాను చూసే మనిషి, భారీ శరీరం. ఎప్పుడూ తలుపు తెరుస్తూనే ఏదో ఒక ఎకసెక్కం విసిరేవాడు ఇవాళ సంచిని బల్లమీద పెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అక్కా, ఈసారి పేర్లు విప్పకు." గొంతు బాగా తగ్గించాడు. "చిరుగులుంటే రెండు కుట్లేసి ఇచ్చెయ్. పేర్లతో సహా వేలం వేస్తారట."

వెర్నా సంచి మూతి ముడి విప్పబోయి ఆగింది. సాధనకు ఉంచుకునే బట్టల్ని ఎవరూ వేలం వెయ్యరు.

"ఎప్పుడు చెప్తారట జనానికి?"

"సోమవారం. ఇవాళ ఆట గొడవ లేకుండా జరగాలన్నారు. నేను చెప్పానని..."

"నువ్వేం చెప్పలేదు. పో, టోపీ పెట్టుకో, చలి."

ఒర్విల్ వెళ్లాడు. పొగమంచు అతన్ని రోడ్డు దాటకముందే కలిపేసుకుంది.

"ఏమంటున్నాడే, గుసగుసలాడుతున్నాడు?" క్లెమ్ అరిచాడు.

"ఏమీ లేదు. వాళ్లావిడ పుట్టినరోజు మరిచిపోయాడట."

"వాడికి తగిన శాస్తే. మరి మొదలుపెట్టు."

వెర్నా ఒక జెర్సీ తీసి మోచేతి దగ్గర చిరుగు కుట్టింది. ఇంకొకటి తీసి మెడపట్టీ కుట్టింది. మిషను చప్పుడు చేస్తోంది గాని అది క్లెమ్ ఎదురుచూసే చప్పుడు కాదు. కుట్టు విప్పేటప్పుడు దారం టక్కుటక్కుమని తెగుతుంది, తర్వాత అక్షరం గుడ్డనుంచి ఊడుతూ సన్నగా చిరుగుతున్నట్టు వినిపిస్తుంది. కళ్లు పోయాక అతనికి ఏడాదిలో అన్నిటికన్నా ఇష్టమైన చప్పుడు అదే. వెనకగదిలో మంచం కూడా కిర్రుమనడం లేదు. ఊపిరి బిగబట్టి వింటున్నాడని ఆమెకు అర్థమైంది.

ఎదురు బేకరీ నుంచి ఐలి యాలకుల బన్నులతో వచ్చింది. పిండి అంటిన చేతులు, నోటికి తలుపుల్లేవు.

"ఏంటి వెర్నా, ఇంకా కత్తి తియ్యలేదా? జనం నా కొట్టు ముందు నిలబడి నీ కొట్టు చూస్తున్నారు. బన్ను కొనే దిక్కు లేదు గాని!"

వెర్నా చేతిలోని మెడపట్టీకి ఇంకో కుట్టు వేసింది.

"వెర్నా," వెనకగదిలోంచి క్లెమ్ పిలిచాడు. ఈసారి అరవలేదు. "ఏమైందే?"

పోయే మనిషి ఏం పట్టుకుని పోవాలి? కళ్లు పోయాయి, మిల్లు పని పోయింది, ఇప్పుడు ఇది కూడానా? సోమవారం దాకా అతను ఉంటే అప్పటి సంగతి అప్పుడు. ఇవాళ్టికి మాత్రం ఆ మాట తన నోటినుంచి రాదు.

"ఏమీ కాలేదు. కత్తి ఎక్కడో పెట్టి వెతుక్కుంటున్నాను," అంది. కుట్లు విప్పే ఆ చిన్న కత్తి ఆమె మెడలో దారానికి వేలాడుతూనే ఉంది.

సంచిలో చెయ్యి పెట్టి అన్నిట్లోకీ చిన్న పేరు వెతికింది. పైక్. గోలు కాసే గోలీకి బదులుగా ఉంచిన కుర్రాడు. ఏడాదంతా బల్లమీద కూర్చుని నీళ్లసీసాలు అందించినవాడు. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు. సాయంత్రం మళ్లీ కుట్టెయ్యడం పెద్ద పని కాదు. కిటికీ వైపు తిరిగి కూర్చుని మొదటి కుట్టు కింద కత్తి మొన దూర్చింది.

టక్కు.

"అదీ!" అని క్లెమ్ దిండుమీద వాలాడు. ఐలి రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, బన్నుల పళ్లెం అక్కడే వదిలేసి, రోడ్డు మీదికి పరుగెత్తింది.

ఒక్క క్లెమ్ కోసం మొదలుపెట్టిన పని ఊరంతటిదీ అయిపోయింది. పొగమంచులోంచి ముఖాలు ఒకటొకటిగా కిటికీ దగ్గర తేలి, నవ్వి, మళ్లీ మునిగిపోయాయి. మిల్లు కుర్రాళ్లు కార్ల హారన్లు మోగించారు. చర్చి ఆర్గాన్ వాయించే ముసలాయన టోపీ తీసి వంగి దండం పెట్టాడు. వెర్నా తల ఎత్తలేదు. ఎంత నెమ్మదిగా విప్పినా నాలుగక్షరాలు ఎంతసేపు వస్తాయి?

పదిహేడేళ్లప్పుడు ఈ దుకాణంలో చేరింది. అప్పటి యజమానురాలు మిసెస్ బ్రాన్స్‌కూంబ్ ఆమెకు మొదట నేర్పింది కుట్టడం కాదు, విప్పడం. విప్పాక ఆవిరి ఇస్త్రీపెట్టె దగ్గరగా పట్టుకో, బెజ్జాలన్నీ మూసుకుంటాయి, గుడ్డ అంతా మరిచిపోతుంది, అనేది. ఆ విద్య వెర్నాకు త్వరలోనే పనికొచ్చింది. వాసిల్ స్తెఫనీషిన్ అని పొడుగాటి పేరుగల ఆటగాడు చిరుగులు లేని జెర్సీలు కూడా కుట్టించుకోవడానికి తెచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు జాగ్రత్తగా జేబులో వేసుకునేవాడు. శనివారం డాన్సుకు వస్తావా అన్నాడు. వస్తానంది. బుధవారానికి అతన్ని ఇంకో జట్టుకు అమ్మేశారు. గురువారం అతని జెర్సీ సంచిలో వచ్చింది, పేరు విప్పమని. విప్పింది. ఆవిరి పట్టించింది. ఎంతసేపు పట్టించిందంటే, క్లెమ్ మిల్లు నుంచి వచ్చి, ఆ ఆవిరిలో ఆమెను వెతుక్కోవలసి వచ్చింది. అతనేమీ అడగలేదు. పెట్టె ఆమె చేతిలోంచి తీసుకుని, సూప్ చల్లారిపోతోంది రావే, అన్నాడు. అంతే. తర్వాత ఆ అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే కప్పు కింద ముసలివాళ్లయ్యారు. స్తెఫనీషిన్ అక్షరాలు బిస్కెట్ల డబ్బాలో చేరి, ఏటికొకరి వీపుమీద రింకంతా తిరిగి తిరిగి అరిగిపోయాయి.

పైక్ జెర్సీని వెర్నా ఇస్త్రీబల్ల మీద బోర్లా పరిచింది. అక్షరాలు పక్కన పేర్చింది. ఆవిరి మాత్రం పట్టించలేదు. అవే బెజ్జాల్లోంచి మళ్లీ కుట్టాలంటే అవి తెరుచుకునే ఉండాలి మరి.

రెండింటికి ఆట మొదలైంది. వెర్నా దుకాణం తలుపుకు గడియ పెట్టి, బఠాణీల సూప్ తెచ్చి, మంచం పక్కన కూర్చుంది. రేడియోలో రింకు హోరు గదినిండా పరుచుకుంది. మంచు మీద స్కేట్లు గీసుకునే చప్పుడు, చెక్కల గోడకు మనుషులు గుద్దుకునే చప్పుడు. కళ్లు మూసుకుంటే గది చల్లబడ్డట్టే ఉంటుంది. క్లెమ్ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"ఇవాళ ఫ్రంట్ స్ట్రీటు నుంచి ఒక శుభవార్త అందింది," వ్యాఖ్యాత గొంతు పెంచాడు. "మన వెర్నా కత్తి పట్టిందట!"

ఆ తర్వాత వచ్చిన కేక ఈ ఏడాది ఏ గోలుకూ రాలేదు. రేడియో పెట్టె బల్లమీద అదిరింది. వెర్నా చెంచా సూప్‌లో జారిపోయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వెంటనే ఫోను మోగింది.

"అక్కా, ఎంత పని చేశావే!" ఒర్విల్ గొంతు హోరులో మునిగి తేలుతోంది. "ఇక్కడ జనం ఏడుస్తున్నారు, కావలించుకుంటున్నారు. పైవాళ్లు నన్ను నమిలేసేలా ఉన్నారు!"

"నా పేరు చెప్పు."

"చెప్పనక్కర్లేదు, రేడియోలో చెప్పారుగా! సోమవారం ఏం చేస్తావ్?"

"సోమవారం రానీ," అని ఫోను పెట్టేసింది. ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

ఆటలో చివరి భాగం, మూడో పీరియడ్ మొదలయ్యేసరికి పొగమంచు వెలుతురు కిటికీలో పాలలా తెల్లగా నిలిచింది. కొంగలు ఒక గోలు వెనకబడి ఉన్నాయి. క్లెమ్ చెయ్యి దుప్పటి బయటికి వచ్చి ఆమె మణికట్టును వెతుక్కుంది.

"వెర్నా."

"ఊఁ."

"పొద్దున ఆవిరి చప్పుడు వినపడలేదే."

ఆమె సూప్ గిన్నెను పక్కకు జరిపింది.

"కళ్లు పోయాయి గాని చెవులు పోలేదు కదే పిచ్చిదానా. ఒక్కటి విప్పావు. ఆవిరి పట్టలేదు. మళ్లీ కుట్టేస్తావు. అంటే పోతున్నాయన్నమాట."

"అన్నయ్యా..."

"ఏడవకు. నువ్వేడిస్తే ముక్కు చీదుతావు, నాకు ఆట వినపడదు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావ్?"

"నాకోసం అంత జాగ్రత్తగా అబద్ధం విప్పుతుంటే ఎలా అడ్డం వస్తాను? అయినా బాగుందే. విన్నంతసేపూ బాగుంది." కొంచెంసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ కేక విన్నావా? మన కుర్రతనంలో ఉండేది అలాంటి కేక. నీ నాలుగక్షరాలతో తెప్పించావు. సరేలే, ఇక ఆట విను."

విన్నారు. ఆమె మణికట్టు మీద అతని వేళ్లు అలాగే ఉన్నాయి. కొంగలు కొట్టిన రబ్బరు బిళ్ల, పక్కు, ఒకసారి గోలు కొయ్యకు తగిలి ఖంగుమంది. ఇంకోసారి గోలీ కాలికి తగిలి ఎటో పోయింది. చివరికి హారన్ మోగింది. ఓడిపోయారు. ఎప్పటిలాగే.

వ్యాఖ్యాత మాట్లాడటం ఆపేశాడు. అయినా హోరు ఆగలేదు. ఎవరూ కుర్చీల్లోంచి కదలడం లేదని, అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్నారని, ఆటగాళ్లు ఏం చెయ్యాలో తోచక మంచు మీదే గుండ్రంగా తిరుగుతున్నారని అతను చివరికి బొంగురుగా చెప్పాడు.

"విన్నావా అన్నయ్యా, ఎవరూ ఇళ్లకు పోవడం లేదట."

క్లెమ్ పలకలేదు. మణికట్టు మీది వేళ్లు తేలికగా ఉన్నాయి, పట్టు లేదు. వెర్నా అతని ముఖం చూసింది. రేడియో వైపు తిరిగిన చెవి, కాస్త తెరిచిన నోరు, తర్వాతి మాట కోసం ఆగినట్టు. ఆమె చెయ్యి తీసుకోలేదు. రేడియో కట్టెయ్యలేదు. రింకులో చప్పట్లు పూర్తిగా ఆగేదాకా అలాగే కూర్చుంది. చాలాసేపు ఆగలేదు.

తర్వాత లేచి, దుప్పటి సర్ది, డాక్టరుకు ఫోను చేసింది. దుకాణంలోకి వచ్చింది. చేతులు అలవాటుగా సూదికి నీలం దారం ఎక్కించాయి. ఎందుకో దాన్ని సూదుల దిండులో గుచ్చేసింది. ఇస్త్రీపెట్టె వేడి చేసి, అది బుసకొట్టేదాకా పట్టుకుని నిలబడి, దాన్నీ పక్కన పెట్టేసింది. గది కాసేపు ఆవిరితో నిండింది. ఈసారి ఆ ఆవిరిలో ఆమెను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. అప్పుడు ఏడ్చింది, ముక్కు గట్టిగా చీదుకుంటూ.

బయట కార్లు హారన్లు మోగించుకుంటూ ఇళ్లకు పోతున్నాయి. ఇస్త్రీబల్ల మీద పైక్ జెర్సీ బోర్లా పడి ఉంది. వీపు మీద, పేరున్న చోట, సూది బెజ్జాలు ఇంకా తెరుచుకునే ఉన్నాయి.