గడ్డకు చేసే పరీక్ష

నగేష్ పేగులోంచి తీసిన గడ్డ చిన్నదేమీ కాదు. అయినా మిగతా ఒంట్లోకి పాకలేదని డాక్టరు చెప్పగానే అతని భార్య కళావతి మనసు కుదుటపడింది. డాక్టరు అక్కడితో ఆగలేదు. తీసిన గడ్డకు ఇంకో పరీక్ష చేయించమన్నాడు. అందులో ఏ జీన్లు జోరుగా పనిచేస్తున్నాయో, ఏవి మందగించాయో చూస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంతో అంచనా దొరుకుతుందట. ఎక్కువని తేలితే ఇప్పుడే కీమో మొదలుపెట్టొచ్చు, తక్కువైతే ఆ బాధ తప్పుతుంది.

కళావతి ఆ మాటను దబీర్‌పురాలోని ఇంటికి మోసుకొచ్చింది. అక్కడ పాల వ్యాపారం నగేష్ అన్న జగదీశ్వర్‌ది, చెల్లే మాటా ఆయనదే. బర్రెను కొనబోతే దాని తల్లి ఎన్ని పాలిచ్చిందో, ఏ రోగంతో పోయిందో కూపీ లాగందే బయానా ఇవ్వని మనిషి. జీన్ అన్న మాట చెవిన పడగానే ఆయన మొహం మాడిపోయింది. ఆయన కూతురు పూజితకు ఫలక్‌నుమా సంబంధం ఖాయమైన రోజులవి.

"జీన్ అంటే మన రక్తమే గదా. రక్తంల రోగముందని బయటపడితే పిల్లను ఎవలు చేసుకుంటరు?"

అది వంశానికి చేసే పరీక్ష కాదనీ, గడ్డ గుణం చూసేదనీ కళావతి డాక్టరు చెప్పినట్టే చెప్పింది. ఆయన వింటేగా! ఇక నగేష్ తన అన్న ముందు ఏనాడూ నోరు విప్పిన పాపాన పోలేదు. తన ప్రాణం మీదికి వచ్చినా తల వంచుకునే, పెండ్లి అయినంక చూద్దామన్నాడు. కళావతికి ఒళ్లు మండింది. కానీ పందిరి వేయబోయే ఇంట్లో లొల్లి ఎందుకని, పరీక్ష వద్దని డాక్టరుకు చెప్పి వచ్చింది. మధ్యమధ్య వచ్చి చూపించుకోమన్నాడాయన. పెండ్లి పనుల్లో అదీ గాలికి పోయింది.

పెండ్లి ఘనంగా జరిగింది. పత్తర్‌గట్టిలో కొన్న కొత్త బట్టలు వేసుకుని నగేష్ బరాత్‌లో రెండడుగులు కూడా వేశాడు. ఏడాది తిరగకముందే కడుపునొప్పి మొదలైంది. జబ్బు కాలేయం నిండా పాకిందని స్కానింగులో తేలింది. ఈసారి తిరగబెడుతుందా లేదా అన్న మాటే డాక్టరు ఎత్తలేదు. నొప్పికి మందులు రాసిచ్చాడు.

మంచాన పడ్డ తమ్ముణ్ని చూడటానికి గదిలోకి వచ్చిన జగదీశ్వర్ కాసేపు కూర్చుని, కళావతిని వాకిట్లోకి పిలిచాడు. పూజిత అత్తగారింట్లో అనుమానం పుట్టిందట. ఈ రోగం మీ రక్తంలో ఉందా అని పిల్లను పొడుచుకు తింటున్నారట.

"గా జీన్ పరీక్ష ఇప్పుడన్న చేపియ్యమ్మా. రక్తంల ఏం లేదని కాయితం వస్తే వాళ్ల నోళ్లు మూతపడ్తయి."

కళావతికి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. అందులో సగం తన మీదే.

"గది రక్తానికి చేసేది కాదు బావా, గడ్డకు చేసేది. మీ తమ్మునికి రోగం మల్ల వస్తదా అని చూసేది. గప్పుడు గిదే చెప్పిన."

లోపల్నుంచి నగేష్ నీళ్లడిగాడు. అన్న గొంతు వినబడిందేమో, పూజిత బాగుందా అని కూడా అడిగాడు.

జగదీశ్వర్ చెప్పులు వెతుక్కున్నాడు. కళావతే నీళ్లు పట్టుకుని లోపలికి వెళ్లి, బాగుందని చెప్పింది.