సగటులో మా బాబాయి

సోమవారంలోగా చేయాల్సిన పనులని నా డైరీలో రాసుకున్నవి ఇవి:

మరణ ధ్రువపత్రం, మూడు నకళ్లు.
బాబాయి పొగగొట్టం మీద పనిలో ఉండగానే పడిపోయాడని ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం.
పిన్ని సంతకాలు, నాలుగు చోట్ల.
బెల్టు, తాడు కంట్రాక్టరుకు తిరిగి ఇచ్చేయాలి. తాపీ మనదే, ఇవ్వక్కర్లేదు.
పిన్నికి షుగరు మందులు, పది రోజులకు.
జీతాల పట్టికలో పొగగొట్టాల మేస్త్రీల వరస ఉన్న పేజీ, ఆఫీసు ముద్రతో.

అన్నిటికన్నా తేలికైనది చివరిదే. ఆ పట్టికలో మా జిల్లా పేజీలు తయారుచేసింది నేనే.

గణాంకాల ఆఫీసులో నాది చిన్న ఉద్యోగం. రాష్ట్రంలో ఏ ఊళ్లో ఏ పనికి సగటున ఎంత జీతం వస్తోందో ఏటా ఇళ్లకు వెళ్లి అడిగి రాసుకొస్తాం. అదే లారీ, అదే డ్రైవరు. రాజధానిలో ఒక జీతం, మా వైపు వస్తే అందులో సగం. రోగి పక్కన రాత్రంతా మేలుకునే నర్సుకూ అంతే. మొదట్లో ఆ అంకెలు చూసి ఆశ్చర్యపోయేదాన్ని. తర్వాత అలవాటైపోయింది. ఒక నియమం మాత్రం చెప్పాలి. ఒక జిల్లాలో ఒక పని చేసేవాళ్లు కనీసం ముగ్గురు దొరికితేనే ఆ పనికి సొంత వరస ఉంటుంది. ఇద్దరే ఉంటే వాళ్లను 'ఇతర కూలీలు'లో కలిపేస్తాం. అక్కడ సగటు పదమూడు వేలు.

మా జిల్లాలో పొగగొట్టాల మేస్త్రీలు సరిగ్గా ముగ్గురు. వాళ్లలో బాబాయి ఒకడు. ఫ్యాక్టరీల ఎత్తైన పొగగొట్టాల్లో ఇటుకలు ఊడితే తాడు కట్టుకుని ఎక్కి, మళ్లీ పేర్చి దిగేవాడు. మా నాన్న పోయినప్పుడు నాకు ఆరేళ్లు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే, చదివించింది బాబాయే.

రాజధానిలోని నష్టపరిహారం ఆఫీసుకు పిన్నిని తీసుకుని వెళ్లాను. గుమస్తా కాగితాలన్నీ తిరగేసి, నేను ముద్ర వేయించి తెచ్చిన పేజీ మీద వేలు పెట్టాడు.

"మీ జిల్లా సగటు పద్దెనిమిది వేలు. అందులో సగం పింఛను. నెలకు తొమ్మిది వేలమ్మా."

"ఆయన పడింది రాజధానిలో కదండీ. అక్కడి సగటు యాభై రెండు వేలు," అన్నాను.

"ఎక్కడ పడ్డాడని కాదు, ఏ జిల్లాలో నమోదయ్యాడని చూస్తాం. రాజధానిలో పడితే రాజధాని రేటు ఇస్తామంటే రాష్ట్రమంతా బస్సెక్కొచ్చి ఇక్కడే పడదూ?"

పక్క బల్ల దగ్గరివాళ్లు నవ్వారు. పిన్ని తలెత్తి చూడగానే ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. గుమస్తా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తప్పుగా అనుకోకమ్మా. నోరు జారింది. నెల రోజుల్లో వచ్చేస్తుందిలే."

పిన్ని ఉండే రెండు గదుల అద్దె ఆరున్నర వేలు. మందులు ఆరు వేలు. బయట బెంచీ మీద కూర్చున్నాక పిన్ని వేళ్లమీద ఏదో లెక్క వేసుకుంది.

"తొమ్మిదేంటే? ఆయన నెలకి నలభై తెచ్చేవాడు కదా."

"ఎవరు?"

"ఎవరేంటి, మీ బాబాయే. పని లేని నెలలు కూడా కలుపుకుంటే సగటున నలభై. మరి నీ కాలేజీ, నీ హాస్టలు ఎవడబ్బ సొమ్ముతో అయ్యాయనుకున్నావు?"

ఏడాది కిందటి ఆదివారం కళ్ల ముందుకొచ్చింది.

అప్పటికి ఉద్యోగంలో చేరి రెండు నెలలు. బాబాయి వీధి నిజానికి మా ఆఫీసులో ఇంకొకావిడ వంతుకు వచ్చింది. దగ్గరి బంధువుల ఫారం మనం నింపకూడదు, అది ఇంకో నియమం. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆవిడను బతిమాలి వీధి మార్చుకున్నాను. మెడలో ఆఫీసు కార్డు వేసుకుని, అట్ట మీద ఫారం పెట్టుకుని, బాబాయి ఎదురుగా కూర్చుని ఒక్కసారి ఆయన్ను 'మీరు' అని పిలవాలని నా ముచ్చట.

"మీ వృత్తి ఏమిటండీ?" అన్నాను.

"ఆకాశానికి సున్నం వేస్తానండీ ఆఫీసరమ్మగారూ," అన్నాడు బాబాయి.

"సరిగ్గా చెప్పు బాబాయ్! ప్రభుత్వం ఫారం ఇది."

"సరే సరే. పొగగొట్టాల మేస్త్రీ. రాసుకో."

"నెలకు సగటు సంపాదన?"

గోళ్లలో ఇరుక్కున్న సిమెంటు గీక్కుంటూ, "ముందు నువ్వు చెప్పు. నీకెంతిస్తున్నారే?" అన్నాడు.

"పద్దెనిమిది వేల రెండొందలు."

ఆ మాట గొప్పగానే చెప్పాను. బాబాయి కాసేపు నా కార్డు వైపు చూశాడు.

"అబ్బో! నాది పదిహేడున్నర రాసుకో. నువ్వు నన్ను దాటేశావే అమ్మడూ."

పొయ్యి దగ్గరున్న పిన్ని గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. "అదేంటి..." అంది. "నీ పని నువ్వు చూసుకో," అని బాబాయి కసురుకున్నాడు. పిన్ని మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఆయన ఆవిడను కసురుకోవడం నేను చూసింది అదొక్కసారే. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పదిహేడు వేల ఐదు వందలు అని స్పష్టంగా, గుండ్రంగా రాశాను. చెప్పింది చెప్పినట్టు రాయాలి, రుజువులు అడగకూడదు అని మాకు శిక్షణలో నేర్పారు.

"నీకు తెలుసు కదా పిన్నీ, అప్పుడే చెప్పొద్దూ?" అన్నాను బెంచీ మీద.

"ఏం చెప్పనే? ఆ రాత్రి అన్నాడు, పిల్ల అంత చదువు చదివి నాకంటే తక్కువ తెచ్చుకుంటోందని తెలిస్తే మనసు చిన్నబుచ్చుకుంటుంది, దానికి చెప్పకు అని. ఆ కాగితం తిరిగి నా మీదికే వస్తుందని ఎవరనుకున్నారు?"

మిగతా ఇద్దరు మేస్త్రీలు ఎత్తులెక్కడం మానేసి నేల మీది బట్టీల గోడలు బాగుచేసుకునేవాళ్లు, వాళ్ల సంపాదన తక్కువే. బాబాయి నలభై అని చెప్పి ఉంటే ముగ్గురి సగటు పాతిక వేల ఐదు వందలయ్యేది. పింఛను పన్నెండు వేల ఏడు వందల యాభై. అద్దె, మందులు పోగా రెండు వందల యాభై మిగిలేది.

మర్నాడు మా పెద్దాఫీసరు గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"రాసిచ్చేస్తాను సార్. నా ఉద్యోగం పోతే పోనివ్వండి. అంకె దిద్దండి."

"నీ ఉద్యోగం సంగతి అలా ఉంచమ్మా. సర్వే ముగిశాక అంకె దిద్దే వీల్లేదు. బంధువు నింపిన ఫారమని తేలితే దాన్ని కొట్టేస్తాం. కొట్టేస్తే ఎంతమంది మిగులుతారు?"

"ఇద్దరు."

"ఇద్దరికి వరస ఉంటుందా?"

తల అడ్డంగా ఊపాను.

"ఇతర కూలీల్లో కలుస్తారు. పదమూడులో సగం ఆరున్నర. మీ పిన్నికి ఇప్పుడు వచ్చే తొమ్మిదిలోంచి రెండున్నర వేలు నువ్వే తీసేసినట్టు. రేపు ఆ మిగతా ఇద్దరిలో ఎవరికేమైనా అయినా ఇంతే. నిజం చెప్పాలనుంటే కాగితమిస్తా, రాయి."

ఆయన నిజంగానే తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఇప్పటికీ అది నా దగ్గరే ఉంది, ఖాళీగా.

తొమ్మిది వేలు వస్తున్నాయి. నా జీతంలో నా అద్దె, అమ్మ ఖర్చు పోగా నెలకు రెండు వేలు పిన్నికి పంపగలుగుతున్నాను. తక్కిన దానికోసం ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతలు పెట్టే పనికి వెళ్తోంది. నిలబడే పని. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టవు. మొన్న వెళ్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వస్తూ కనబడింది.

"పిన్నీ, నన్ను తిట్టవా?" అన్నాను.

"తిట్టాలంటే ముందు ఆయన్ని తిట్టాలి. ఆయన దొరకడు," అంది. గుమ్మంలో కూర్చుని పాదాలు నొక్కుకుంది. "లాండ్రీకి మీవాళ్లు వస్తారా, జీతాలు అడగడానికి?"

"వస్తారు."

"ఎవరొచ్చినా నాకొచ్చేదే చెప్తాను. నువ్వు మాత్రం రాకు."

ఈ ఏటి సర్వే పోయిన వారం ముగిసింది. మా జిల్లాలో పొగగొట్టాల మేస్త్రీలు ఇద్దరే తేలారు. ఆ ఇద్దరినీ ఇతర కూలీల్లో కలిపింది నేనే, నా చేత్తోనే. కొత్త పట్టికలో ఆ వరస ఉండదు. పైనున్న వరస కిందికి, కిందున్న వరస పైకి జరిగి, మధ్యలో ఒక మనిషి ఉండేవాడన్న ఆనవాలు కూడా కనిపించదు.

మీకెప్పుడైనా అలాంటి జీతాల పట్టిక కనిపిస్తే, చివర్న 'ఇతర కూలీలు' అన్న చోట ఒక్క క్షణం ఆగండి. నెలకు నలభై వేలు సంపాదిస్తూ, అన్న కూతురు చిన్నబోకూడదని పదిహేడున్నర రాసుకోమన్న మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన్ను గుర్తు పెట్టుకోండి.