మొదటి తిప్పుకే అందుకునే బండి

మా కారు గురించి వీధిలో ఒక మాట ఉండేది. తాళం తిప్పడమే ఆలస్యం, అందుకుంటుందని. ఆ మాట పుట్టించింది మా అమ్మాయి, నిలబెట్టింది మా ఆయన, నడుం నొప్పి తెచ్చుకున్నది నేను.

కారు చిన్నది, చవకది, మా చేతికి వచ్చేనాటికే పాతది. ఒక పళ్ళ డాక్టరు దాన్ని వాడి, విసిగి, మాకు అంటగట్టాడు. ముందు ఇద్దరు కూర్చుంటే మోచేతులు తగువులాడుకుంటాయి. వెనక ఎడమవైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, అక్కడ కూర్చున్నవాళ్ళు ఎవరైనా వచ్చి తీసేదాకా మర్యాదగా ఎదురుచూడాలి. అయినా మా ఆయనకు అదంటే ముద్దు. ఎవరైనా డొక్కు బండి అంటే తననే అన్నట్టు మొహం ముడుచుకునేవాడు.

ఎదురింటి ఫోటోగ్రాఫర్‌కీ అచ్చం ఇలాంటిదే ఉండేది, అదే ఏడాది తయారైనది. అది ఆయన్ని కెమెరాలతో సహా నడిరోడ్డు మీద నిలబెట్టని వారం లేదు. చివరికి ఎలాగో వదిలించుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "అన్నయ్యగారూ, మీ బండిలో పోసేది పెట్రోలేనా, పాలా? మీది ఒక్కరోజు మొరాయించదేం?" అని అడిగేవాడు. మా ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మొరాయించకపోవడమేమిటి! రాత్రంతా చలిలో నిలబడితే పొద్దున్న దాన్ని లేపడానికి దేవుడు దిగి రావాలి. చలిలో ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందించే చోక్ పిడి బయటికి లాగాలి. యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కాలి, మూడోసారి తొక్కితే పెట్రోలు ఎక్కువైపోయి అలిగి కూర్చుంటుంది. తాళం తిప్పి, అది దగ్గడం మొదలుపెట్టగానే చోక్ కొంచెం లోపలికి నెట్టాలి. ఆ కొంచెం ఎంత అన్నది మా ఆయన చెవికే తెలుసు. ఒకసారి వేడెక్కిందా, ఇక రోజంతా బుద్ధిమంతురాలు. మెకానిక్ చూసి, లోపల ఒక భాగం అరిగిపోయిందని, అలాంటిది ఇప్పుడు ఎక్కడా తయారుకావడం లేదని, దీంతోనే సర్దుకోమని చెప్పేశాడు.

మా ఆయన ఉద్యోగమంతా నీళ్ళ పంపుహౌసులో గడిచింది. ఊరు లేవకముందే వెళ్ళి, మొండికేసిన మోటార్లను బతిమాలి ట్యాంకు నింపేవాడు. "కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి. ఎలా వచ్చాయో వాళ్ళకెందుకు?" అనేవాడు. రిటైరయ్యాక పంపులు పోయి, వాటి స్థానంలో ఈ కారు వచ్చింది. అమ్మాయి ఆస్పత్రిలో కాన్పుల వార్డు నర్సు. పొద్దుటి డ్యూటీకి కారు తీసుకెళ్తానన్నప్పుడు, "నాన్నా, టైముకి స్టార్టవుతుందా?" అని అడిగింది. "అవుతుంది తల్లీ" అన్నాడు. అన్నాడు గనక, దాన్ని నిజం చేసే పని నెత్తిన వేసుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి తెల్లవారకముందే ఇద్దరం దొంగల్లా లేచేవాళ్ళం. ఇంటి ముందు స్టార్ట్ చేస్తే అమ్మాయికి మెలకువ వస్తుందని, ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని పక్కన నడుస్తుంటే, నేను నిద్రమొహంతో వెనక నుంచి వీధి చివరి బేకరీ దాకా నెట్టేదాన్ని. అక్కడ దాన్ని బుజ్జగించి, నాలుగు వీధులు తిప్పి వేడెక్కించి, వీధిలో చప్పుళ్ళు మొదలయ్యే వేళకు తెచ్చి ఉన్నచోటే పెట్టేవాడు. అమ్మాయి స్నానం చేసి, టిఫిను తిని, ఠీవిగా వచ్చి తాళం తిప్పేది. మొదటి తిప్పుకే అందుకునేది. మధ్యాహ్నం ఆస్పత్రి ఆవరణలో ఎండకు కాగి ఉండేది కాబట్టి అక్కడా పేచీ లేదు. నాన్న పొద్దున్నే వాకింగుకి వెళ్తున్నాడని దాని నమ్మకం. "ఇంత నడుస్తున్నా పొట్ట తగ్గదేంటమ్మా?" అని అడిగేది. "మెల్లగా నడుస్తారులే" అనేదాన్ని, నడుం పట్టుకుని.

ఇలాగే ఎన్నాళ్ళైనా సాగేదేమో. అమ్మాయికి కొండమీద ఊళ్ళో ఆస్పత్రికి బదిలీ అయింది. అక్కడ చలెక్కువ, నర్సులు తక్కువ. ఏ వేళప్పుడు ఫోనొచ్చినా ఉన్నపళంగా వెళ్ళాలి. తోటివాళ్ళు మంచి బండి చూసుకోమన్నారట. "మా కారు ఉండగా నాకేం భయం? ఇన్నాళ్ళలో ఒక్క పూట మోసం చెయ్యలేదు" అని చెప్పొచ్చానంది, అన్నం కలుపుకుంటూ. నేను గరిటె పక్కన పెట్టి మా ఆయన వైపు చూశాను. ఆయన మాత్రం కంచంలోకి చూస్తూ మజ్జిగ పోసుకున్నాడు.

అమ్మాయి లేచి వెళ్ళాక పట్టుకున్నాను. "చెప్పండి దానికి."

"చెప్తాలే."

"ఎప్పుడు? అక్కడెవరో నొప్పులు పడుతూ మన పిల్ల కోసం చూస్తుంటే, ఇది చలిలో తాళం తిప్పుకుంటూ కూర్చున్నాకా?"

"ఇప్పుడు చెబితే, నాన్న ఇన్నాళ్ళూ నాటకమాడాడనుకుంటుంది."

"ఆడలేదా?"

"నాటకం కాదే. అవుతుందని మాటిచ్చాను. అవ్వాలిగా మరి."

మనిషి మీద కోపం, జాలి ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రేపు చెప్తాను, రేపు చెప్తాను అంటూ రోజులు నెట్టాడు. కారు కడిగాడు, టైర్లలో గాలి కొట్టించాడు, అద్దాలు తళతళలాడేలా తుడిచాడు. ఆ ఒక్క మాట తప్ప అన్నీ చేశాడు. ప్రయాణం ముందు రోజు నాకు ఓపిక నశించింది. ఆయన చూస్తుండగానే కారు తాళం తీసుకెళ్ళి అమ్మాయి హ్యాండ్‌బ్యాగులో వేశాను. "ఇక నీ బండి నీది" అని అమ్మాయితో అన్నాను. తెల్లవారకముందే ఆయన అలవాటుగా లేవబోతే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

పొద్దున్న సామాను ఎక్కించి, అమ్మాయి తాళం తిప్పింది. కారు మూలిగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ మూలిగింది. "ఏమైంది దీనికి?" అంటూ యాక్సిలరేటర్ దబదబా తొక్కింది. గుప్పున పెట్రోలు వాసన. ఎదురింటి ఫోటోగ్రాఫర్ గేటు దగ్గరికొచ్చి, "ఇవాళ పాలు పొయ్యలేదా అన్నయ్యగారూ?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి లోపలికెళ్ళిపోయాడు.

మా ఆయన మెట్లు దిగి, కారు తలుపు పట్టుకుని నిలబడి చెప్పేశాడు. చోక్ సంగతి, బేకరీ సంగతి, వాకింగు సంగతి.

"రోజూనా?" అంది.

"రోజూ."

"అందుకేనా పొట్ట తగ్గనిది?" అని నవ్వబోయి, నవ్వలేక నావైపు తిరిగింది. "నువ్వూనా అమ్మా?"

"నెట్టింది నేనే."

తాళం బయటికి లాగి అరచేతిలో పెట్టుకుంది. తర్వాత, "అక్కడ నాకోసం ఎవరు లేస్తారు నాన్నా?" అని అడిగింది.

తిట్టినా బాగుండేది. ఆయన పట్టుకున్న కారు తలుపు వదిలేసి, "నువ్వే లేవాలి తల్లీ" అన్నాడు. పెళ్ళైనప్పటి నుంచి చూస్తున్నాను, ఆయన అంత కష్టపడి అన్న మాట మరొకటి లేదు.

అమ్మాయి కారు దిగింది. మర్నాడు వెళ్ళినా డ్యూటీలో చేరడానికి టైముందట. "రేపు చల్లగా ఉన్నప్పుడే నేను స్టార్ట్ చేస్తాను. అయితే తీసుకెళ్తా. కాకపోతే బస్సెక్కుతా, బండి మీ దగ్గరే ఉంటుంది. నేను పిలిచేదాకా మీరిద్దరూ మంచం దిగడానికి వీల్లేదు" అంది.

ఆ రోజంతా మా ఇంట్లో పాఠాలే. కూర గిన్నె మూత యాక్సిలరేటర్, గరిటె కాడ చోక్. "ఇదిగో, దగ్గింది. ఇప్పుడు నెట్టు. అంత కాదు, అంత కాదు!" అని ఆయన, "గరిటె దగ్గదు నాన్నా, ఎలా తెలుస్తుంది?" అని అది. ఆ దగ్గు ఎలా ఉంటుందో ఆయన గొంతుతో దగ్గి చూపించాడు. అమ్మాయి పకపకా నవ్వింది. కోపం ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

తెల్లవారకముందే వాకిలి గడియ చప్పుడైంది. ఇద్దరం కళ్ళు తెరుచుకుని కప్పు వైపు చూస్తూ పడుకున్నాం. కారు తలుపు పడింది. తాళం తిప్పింది. మూలుగు, నిశ్శబ్దం. ఆయన దుప్పటి తోసేశాడు. నేను మణికట్టు పట్టుకున్నాను.

"చోక్ సరిగ్గా లాగలేదు" అని గొణిగాడు.

"పడుకోండి."

మళ్ళీ మూలుగు. ఈసారి చిన్న దగ్గు వచ్చి ఆగిపోయింది. ఆయన కాళ్ళు మంచం అంచు దాకా వెళ్ళాయి. నాకూ లేవాలనే ఉంది. వెళ్ళి వెనక నుంచి ఒక్క తోపు తోస్తే చాలు కదా అని చేతులు ఊరుకోవడం లేదు. అయినా వదల్లేదు. కాసేపు బయట ఏ చప్పుడూ లేదు. మూడోసారి తొక్కకుండా ఆగింది, గుర్తుపెట్టుకుంది అనుకున్నాను. మళ్ళీ తాళం తిప్పింది. దగ్గు, ఇంకో దగ్గు, ఆపైన గుక్కతిప్పుకోకుండా రయ్యిమంది.

ఇంజను వీధి చివరి దాకా వెళ్ళింది, మలుపు తిరిగింది, వేడెక్కడానికి తిరుగుతోంది. ఇద్దరం కదలకుండా వింటున్నాం. అంతా అనుకున్నట్టే జరిగింది, పిల్ల గెలిచింది, మరి నాకెందుకు ఏడుపొస్తోందో అర్థం కాలేదు. ఆయన ఇక తెల్లవారకముందే లేవక్కర్లేదు, నేను ఇక నెట్టక్కర్లేదు.

"చూశారా, అందుకుంది" అన్నాను.

"చోక్ ఇంకొంచెం ముందే నెట్టాల్సింది" అన్నాడాయన. కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు.