నిద్రవేళ సమావేశం

అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించవద్దని కోడలు ఎన్నోసార్లు చెప్పింది. అత్తగారు ఎన్నోసార్లు అతికించింది.

“మళ్ళీ అతికించారా అత్తయ్యా? రుద్దుకుంటుంటే ఊడి కంట్లో పడింది.”

“సబ్బు రుద్దుకునేటప్పుడు ఎవరైనా కళ్ళు మూసుకుంటారమ్మా. నువ్వేం చూడాలని తెరిచావు?”

“ఓట్లు పెట్టి తేల్చేద్దామా?” అన్నాడు కొడుకు, నోట్లో బ్రష్షుతో. “ఎలాగూ ఇవాళ ఓట్ల రోజేగా.”

ఆ మాటతో సబ్బు సంగతి పక్కకు పోయింది. అత్తగారు చంటిపిల్లల బడిలో ఆయమ్మ. కూరగాయల బండ్ల వాళ్ళూ తాపీపని వాళ్ళూ పొద్దున్నే పిల్లలను దింపి పనికి పోయే బడి అది. ఇన్నాళ్ళూ చందాలతో నెట్టుకొచ్చారు. చందాలు ఎండిపోయాయి. పురసంఘం తన బడ్జెట్‌లో చోటిస్తే నిలుస్తుంది, లేకపోతే నెలాఖరుకు మూతపడుతుంది. సభ్యులు ఇవాళ బడికే వచ్చి, చూసి, అక్కడికక్కడే తేలుస్తామన్నారు.

“తీరా నిధులొస్తే మీకేం ఒరుగుతుంది? అరవై దాటినవాళ్ళను పురసంఘం పనిలో ఉంచదటగా,” అంది కోడలు.

“ఒరగడానికి నేనేమన్నా గోడనా?” అంటూ ఆయమ్మ చెప్పులేసుకుంది.

మూడేళ్ళ మనవరాలు ఆమె వేలు పట్టుకుంది. ఎప్పుడు మూసేస్తారో తెలియని బడికి అలవాటు చేసి తర్వాత ఏడిపించడం దేనికని కోడలు దాన్ని పంపడం లేదు. ఆయమ్మ మెల్లగా వేలు విడిపించుకుంది.

బడి అంటే రేకుల కప్పు కింద పొడవాటి ఒకే గది. తల్లుల చంకల్లోంచి పిల్లలను అందుకోవడం, ముక్కులు తుడవడం, తడిసిన లాగులు మార్చడం, ఏడ్చేవాళ్ళకు కిటికీలోంచి పిచ్చుకను చూపించడం, పిచ్చుక లేకపోతే ఇప్పుడే ఎగిరిపోయిందని చెప్పడం. చీర మీద నీలం పనిగౌను తొడుక్కున్న ఆయమ్మ పొద్దు ఇలాగే గడుస్తుంది. టీచరమ్మ మాత్రం ఇవాళ పాటలూ అంకెలూ మరీమరీ చెప్పించింది. సభ్యుల ముందు పిల్లలు తడబడకూడదు.

“ఇంతకూ ఎన్నింటికి రమ్మన్నావు వాళ్ళను?” అని అడిగింది భోజనాలవుతుండగా.

“రెండింటికి.”

టీచరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “రెండింటికా! పిల్లలు పడుకునే టైము కదా ఆయమ్మా!”

“ఎవరొస్తామన్నా ఆ టైమేగా చెప్తాం! గ్యాస్ అతనికైనా, కుళాయి అతనికైనా. మన చేతులు ఖాళీగా ఉండేది అప్పుడేగా.” చెబుతుండగానే తను చేసిన పొరపాటు ఆమెకు తెలిసొచ్చింది.

“నిద్రపోతుంటే వాళ్ళేం చూస్తారు? గురకా? ఇవాళ పడుకోబెట్టొద్దు.”

“వద్దమ్మా. నిద్రొచ్చే పిల్లను పాడమంటే పాట పాడదు, రాగం తీస్తుంది.”

అప్పటికే సగంమంది కళ్ళు వాలుతున్నాయి. ఒకడికి చెవి తమ్మె నిమరాలి. ఒకదానికి అరికాలు రాయాలి. ఇంకొకడికి ఏమీ అక్కర్లేదు, పక్కన మనిషి ఊపిరి వినబడితే చాలు. ఆయమ్మ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని లేచింది. పురసంఘం వాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి గదంతా నిద్ర.

ముందు వచ్చినవాడు మైకు. అది అతని పేరు కాదు. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ఊరు పెట్టుకున్న పేరు. సభలో ఎదుటివాడి మాటను అరుపుతోనే ముంచేస్తాడు. అలా ఎన్ని తీర్మానాలు మునిగాయో!

“ఏరీ పిల్ల—”

ఆయమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. గ్యాస్ అతనికి పెట్టినట్టే. మైకు నోరు మూతపడింది. వెనకవాళ్ళు బూట్లు విప్పి మునివేళ్ళ మీద లోపలికొచ్చారు. వేరే గది లేదు. నిద్రపోతున్న పిల్లల నడుమ, చాపల మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

“ఈ డబ్బు మా వార్డు మురుగుకాలువకి కావాలండీ,” అన్నాడు మైకు గుసగుసగా. గుసగుసలో ఆ మాట బెదిరింపులా లేదు, బతిమాలినట్టుంది. అధ్యక్షుడు చెవి దగ్గరకు పెట్టాడు. ఒకరు ఆగితే గాని ఇంకొకరు మాట్లాడడానికి వీల్లేదు. ఆ పెద్దమనుషులు ఒకరి మాట ఒకరు పూర్తిగా వినడం బహుశా అదే మొదలు.

“వీడి తల్లి ఏం చేస్తుంది?” దగ్గర్లో పడుకున్న పిల్లాణ్ణి చూపిస్తూ సభ్యురాలొకావిడ అడిగింది.

“తాపీపని, మేడమ్. ఇప్పుడు మూడో అంతస్తు మీద ఉంటుంది,” అంది ఆయమ్మ. “ఇది మూస్తే వీడూ అక్కడే ఉంటాడు.”

ఆ మూడో అంతస్తు పిల్లాడు నిద్రలో దొర్లి, మైకు తొడ మీద కాలు పడేశాడు. మైకు కొయ్యబారిపోయాడు. చెమట పట్టినా తుడుచుకోలేదు.

“బడికి సరేననేవాళ్ళు చేతులెత్తండి,” అన్నాడు అధ్యక్షుడు, పెదవులు మాత్రం కదిపి.

ఒక్కొక్క చెయ్యీ లేచింది. అందరూ మైకు వైపు చూశారు. అతను తొడ కదలకుండా, మెల్లగా, ఎడమచెయ్యి ఎత్తాడు.

వాళ్ళు బూట్లు చేత్తో పట్టుకుని బయటికి నడిచారు. తలుపు పడ్డాక టీచరమ్మా ఆయమ్మా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా గెంతారు. నవ్వు ఆపుకోలేక నోట్లో గుడ్డలు కుక్కుకున్నారు. పిల్లలు లేచాక మాత్రం కేకలతో రేకులు ఎగిరిపోయాయి. ఎందుకు అరుస్తున్నారో ఆ పిల్లలకు తెలియదు. అరవనిచ్చారు, అంతే చాలు.

రాత్రి భోజనాల దగ్గర ఆయమ్మ మైకులా ఎడమచెయ్యి మెల్లగా ఎత్తి చూపించేసరికి కొడుక్కి పొలమారింది. కోడలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

“రేపట్నుంచి నేను పనిలోకి పోను,” అంది ఆమె, కూర వడ్డించుకుంటూ.

“నెలాఖరుదాకా ఉండొచ్చుగా అమ్మా?”

“నా చోట్లోకి టీచరమ్మ చూసిపెట్టిన కొత్తమ్మాయి రేపే వస్తోందిరా. నేను కనబడితే పిల్లలు ఆమె దగ్గర పడుకోరు.” తల తిప్పి కోడలితో అంది, “చంటిదాన్ని పొద్దున్నే తయారుచెయ్యమ్మా. నేను దింపొస్తాను. గుమ్మందాకానే.”

“అలాగే అత్తయ్యా,” అంది కోడలు. తన పళ్ళెం పక్కకు జరిపి, లేచి, ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

చీకటి పడిన బడిలో, పిల్లల సంచులు తగిలించే పొట్టి కొక్కేలలో చివరిదానికి, ఉతికి పిండిన నీలం పనిగౌను ఒకటి వేలాడుతోంది. దాని అంచు నేలకు తగిలి, అక్కడ కొంచెం తడి చేసింది.