డోలు కింద నొప్పి

బబ్లూ కెవ్వుమనేసరికి డోళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక బస్తీలో బోనాల కోసం ఒగ్గు డోలు సాధన నడుస్తోంది. డోలు మోతకు మనిషి భుజాల మీద మనిషి ఎక్కి గోపురంలా నిలబడతారు. మిగతాప్పుడు డోలు కొట్టి, గోపురం లేచేటప్పుడు అందరికంటే పైన నిలబడేది బబ్లూ. పదమూడేళ్ళవాడు, బక్కపలచటివాడు, ఎత్తంటే భయం లేనివాడు. వాణ్ణి పైకి అందించడానికి పీరయ్య రెండు చేతులతో ఛాతీ చుట్టూ గట్టిగా పట్టుకున్నాడు. వాడు అరిచి, జారి, ఇసుకలో పడి, చేతులు ఎదకు అదుముకుని ముడుచుకుపోయాడు.

"ఏమైందిరా?"

"ఏం కాలే పెద్దనాయినా."

"ఏం కాకుంటే గట్ల ఒర్లుతరా? అంగీ ఇప్పు, సూస్త."

బబ్లూ అంగీ విప్పలేదు సరికదా, మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకున్నాడు.

ఆ దళానికి పీరయ్యే పెద్ద. గజ్జె కట్టినవాడి ఒంటి మీద పసుపు తప్ప పైబట్ట ఉండకూడదన్నది అతని కట్టుబాటు. తాతల నాటి నుంచీ అంతే అంటాడు. ఆ తాతలను ఎవరూ చూడలేదు గనక ఎవరూ ఎదురు చెప్పరు.

"ఇగో బీరయ్యా," అన్నాడు బబ్లూ తండ్రి వైపు తిరిగి, "నీ కొడుకు వారం సంది అంగీ ఇప్పుతలేడు. ఆదివారం బోనాలు. ఇప్పితే డోలు ఇస్త. లేకుంటే ఇంట్ల కూసోమను. వాని ఈడోడే గద అంజిగాడు, వాన్ని మీదికెక్కిస్త."

బీరయ్య పళ్ళు కొరుక్కున్నాడు. వరసకు అన్న కాబట్టి ఊరుకున్నాడు గానీ, ఆ మాట అతనికి బాగా తగిలింది. పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా నారాయణగూడ చుట్టుపక్కల స్లాబులు పోస్తున్నాడు. తాను కట్టిన అపార్ట్‌మెంటులో లిఫ్టు ఎక్కితే వాచ్‌మన్ దింపేస్తాడు. ఏడాదంతా తనను "ఏయ్" అని పిలిచే వీధి బోనాల నాడు మాత్రం డోలుకు దారి ఇచ్చి పక్కకు జరుగుతుంది. ఈసారి ఆ వీధి తలెత్తి తన కొడుకును చూస్తుందని ఆశపడ్డాడు. ఆ ఒక్క ఆశా ఇప్పుడు అంగీ గుండీ దగ్గర ఆగిపోయింది.

ఇంటికి రాగానే తలుపు వేసి అంగీ లాగేశాడు. బబ్లూ ఏడుపు మొదలుపెట్టాడు. ఎడమ చనుమొన ఉబ్బి ఉంది. వేలితో తాకితే కింద గోళీ లాంటిది గట్టిగా తగిలింది. వాడు ఎగిరిపడ్డాడు.

బీరయ్య తల్లి బాలనాగమ్మ దగ్గరికొచ్చి కళ్ళు చికిలించి చూసింది. "గడ్డ లేస్తుందిరా. సున్నం బెల్లం పెడితే పొద్దుగాలకల్లా పగుల్తది."

పెట్టింది. తెల్లారేసరికి గడ్డ పగల్లేదు, తోలు మాత్రం కాలి ఎర్రగా పొక్కింది. బబ్లూ గోడకు తిరిగి పడుకున్నాడు. వాడి తల్లి ఊళ్ళో నాట్లకు పోయింది. ఉన్నది అక్క ప్రేమ ఒక్కతే. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల మధ్య జిరాక్స్ షాపులో పని చేస్తుంది. తయారై చెప్పులేసుకుంటుంటే వాడు ఆమె చున్నీ పట్టుకుని గుసగుసగా అడిగాడు.

"అక్కా, నాకు కాన్సరా?"

"ఎవడు జెప్పిండ్రా?"

"ఎవలు జెప్పలే. ఫోన్ల చూసిన." ఇంకా నెమ్మదిగా, "లేకుంటే నేను ఆడపిల్లనైతున్ననా? క్లాసుల ఒకడు గట్లనే అన్నడు."

ప్రేమ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. తమ్ముడి అంగీ పక్కకు జరిపి చూసింది. తర్వాత బయట పళ్ళు తోముకుంటున్న తండ్రి దగ్గరికి పోయింది.

"నాయినా, గది గడ్డ కాదు. ఆరో తరగతిల నాకూ గట్లనే ఉండె. ముందుగాల ఒక్క దిక్కే. బిందె సంకనెత్తుకుంటే పాణం పోయేది. బోర్ల పండుకోనీకి రాకపోయేది."

"నువ్వు ఆడపిల్లవు. వాడు మొగపోరడు."

"గదంత నాకు తెల్వదు. నొప్పి మాత్రం గదే."

బీరయ్య నోట్లో నురుగు ఉమ్మేశాడు. "మరి అప్పుడెందుకు చెప్పలే?"

"అమ్మకు చెప్పిన. 'ఊకో, అందరికీ అయితది' అన్నది. ఇగ ఎవలకు చెప్పాలె, నీకా?"

బీరయ్య మొహం కడుక్కున్నాడు. ఆ రోజు పని మానేశాడు. కొడుకునూ, కూతురునూ, వద్దన్నా వెంటబడిన తల్లినీ తీసుకుని బస్తీ దవాఖానకు పోయాడు.

డాక్టరు పేరు సుహాసిని. ఆంధ్ర వైపు మాట. బబ్లూను తెర చాటుకు తీసుకుపోయి నింపాదిగా పరీక్ష చేసింది. ఏమైనా మాత్రలు, పొడులు వాడుతున్నావా అని అడిగితే వాడు లేదన్నాడు. బయటికొచ్చి ముందు సున్నం సంగతి ఎత్తింది.

"ఎవరు పెట్టారమ్మా ఇది?"

"నేనే," అంది బాలనాగమ్మ తల ఎగరేసి. "పిండితే ఇంకా జల్ది పోతుండె. పసిపోరలకు పిండుతం గద డాక్టరమ్మా?"

"పసిపిల్లలకు కూడా పిండకూడదు పెద్దమ్మా. ఇది చీము గడ్డ కాదు, చెడ్డ జబ్బూ కాదు. వయసు వచ్చేటప్పుడు ఒంట్లో హార్మోన్లు ఊరతాయి. మగపిల్లాడి ఒంట్లో కూడా ఆడ హార్మోను కాస్త ఉంటుంది. రెండూ సర్దుకునే లోపు కొన్నాళ్ళు ఇలా రొమ్ము కింద గుండీలా గట్టిపడుతుంది. సుమారు సగంమంది మగపిల్లలకు వస్తుంది. ఎవరూ నోరు విప్పరు గనక ఎవడికి వాడు తనకొక్కడికే అనుకుంటాడు."

బబ్లూ మొదటిసారి తల ఎత్తాడు. "పోతదా మేడమ్?"

"ఎక్కువమందికి ఆర్నెల్లకో, ఏడాదికో దానంతటదే పోతుంది. కొందరికి రెండేళ్ళు పట్టవచ్చు. నువ్వు మగపిల్లాడివే, ఆ దిగులు వద్దు. ఊరికే నొక్కి నొక్కి చూసుకోకు. అలా చూసుకుంటేనే సగం నొప్పి. వదులుగా మెత్తటి నూలు బనీను వేసుకో. సలుపుతుంటే చల్లటి నీళ్ళలో ముంచిన గుడ్డ కాసేపు పెట్టుకో. ఓర్చుకోలేకపోతే రా, మాత్ర ఇస్తాను. ఎరుపు పెరిగినా, జ్వరం వచ్చినా, మొన నుంచి ఏదైనా కారినా, బాగా పెద్దదవుతున్నా మాత్రం ఆగకుండా రావాలి. ఏమీ లేకపోయినా మూడు నెలలకొకసారి చూపించు."

"డోలు కొట్టొచ్చా?"

"కొట్టు. అంచు ఇక్కడ గుద్దుకోకుండా కట్టుకో. ఛాతీ పట్టుకుని ఎత్తడాలు, దూకడాలు మాత్రం ఇప్పుడు వద్దు."

కాలిన చోటికి మందు రాసిచ్చి, డాక్టరు ప్రేమ వైపు చూసింది. "నీకు అప్పట్లో వచ్చింది కూడా మామూలేనమ్మా. ఆడపిల్లలకు రొమ్ము ఎదగడం మొదలైనప్పుడు ఒక పక్క ముందు వస్తుంది, నొప్పి ఉంటుంది. మెత్తటి లోబట్ట వేసుకుంటే సగం తగ్గేది."

"అప్పుడు ఎవలన్న చెప్తే బాగుండు మేడమ్," అంది ప్రేమ. బీరయ్య గోడ మీది పోలియో బొమ్మను చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం అతను పీరయ్యను అశోక్ నగర్ చాయ్ బండి దగ్గరికి పిలిచాడు. చుట్టూ గ్రూప్ వన్ పిల్లలు రాజ్యాంగంలోని అధికరణాలు అప్పజెప్పుకుంటున్నారు. దేశం మొత్తం వాళ్ళకు నోటికొచ్చు. బీరయ్యకు తన కొడుకు ఛాతీ గురించి నాలుగు మాటలు చెప్పడానికి చాయ్ చల్లారిపోయింది.

పీరయ్య అంతా విని అటూ ఇటూ చూశాడు. దగ్గరికి జరిగాడు.

"బీరిగా, ఊళ్ళె నాకూ గట్లనే అయ్యింది. మా నాయినమ్మ పిండింది. ఎడ్ల కొట్టంల దాసుకొని ఏడ్సిన. ఇయ్యాళ్టి దాంక నా పెండ్లానికి సుత చెప్పలే."

"మరి తెల్సి సుత పోరన్ని గంత మందిల అంగీ ఇప్పుమంటివి?"

"నన్నెవలన్న ఇడిసిన్రా?" అన్నాడు పీరయ్య కోపంగా. గ్లాసు అడుగున మిగిలిన చాయ్ రెండు సార్లు తిప్పి పారబోశాడు. చివరికి, "బనీనేసుకొని రమ్మను. తాతలు లేసొచ్చి అడిగితే నేను జవాబు చెప్త. మీదికి మాత్రం అంజిగాడే. మోత నీ కొడుకు కొడ్తడు," అన్నాడు.

ఇంట్లో ఆ మాట విని బబ్లూ కాసేపు అలిగాడు. గోపురం పోయింది కదా. ప్రేమ నారాయణగూడలో తెచ్చిన కొత్త బనీను వాడి ముఖాన వేసి, "మోత లేకుంటే వాడు ఎక్కుతడారా? ఎక్కమను సూద్దం!" అంది. బీరయ్య డోలు తాడును నడుము దాకా దించి కట్టి, అంచుకు పాత తువాలు చుట్టాడు. బాలనాగమ్మ ఆ ముడి గట్టిదా కాదా అని లాగి చూసింది. సున్నం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం చిక్కడపల్లి వీధి నిండా బోనాలు, వేపాకు, స్పీకర్ల హోరు. బనీను మీదే పసుపు పూసుకుని బబ్లూ వరుసలో నడిచాడు. పక్క దళం నుంచి ఎవడో, "ఏందిరా, చలి పెడ్తుందా?" అని అరిచాడు. బబ్లూ చెవులు ఎర్రబడ్డాయి. బీరయ్య నోరు తెరవబోయేలోపు పీరయ్య అటు తిరిగి, "మా దళం, మా ఇష్టం. నువ్వు నీ గజ్జె చూసుకో, ఊడి పడ్తది," అన్నాడు. జనం నవ్వారు.

కూడలిలో గోపురం లేచింది. బబ్లూ కర్ర దెబ్బకు ఒకడు, ఇంకో దెబ్బకు మరొకడు. అంజి చివరి భుజం మీద కాలు పెట్టి ఆగిపోయి, కిందికి చూశాడు. బబ్లూ తొందరపెట్టలేదు. మోత సన్నగా సాగదీసి, వాడి మోకాలు నిలదొక్కుకున్నాక గట్టిగా ఒక్కటి వేశాడు. అంజి నిలబడ్డాడు. వీధి వీధంతా తలెత్తింది. బీరయ్య మాత్రం కింద, డోలు వైపే చూస్తున్నాడు.

దిగి వచ్చాక అంజి నీళ్ళు తాగే నెపంతో బబ్లూ పక్కన చేరాడు.

"అరేయ్, నువ్వు బనీనెందుకేసుకున్నవో పెద్దనాయిన మా నాయినకు చెప్తుంటే ఇన్న. కోప్పడకు." వాడు చెంబు కిందపెట్టకుండా అడిగాడు. "నాకూ ఉందిరా. రెండు దిక్కులా. పెద్దనాయిన ఎత్తినప్పుడు పండ్లు బిగబట్టిన."

బబ్లూ వాడి వైపు తిరిగాడు. "పిండినవా?"

"జరంత."

"పిండకు. మా నాయినకు చెప్త, రేపు నిన్ను దవాఖానకు తీస్కపోతడు. మేడమ్ మంచిగ చెప్తది."

"పోతదంటవా?"

"పోతది," అన్నాడు బబ్లూ. ముందు నుంచి పీరయ్య కేకేశాడు. వాడు కర్ర అందుకుని, అంజిని తన పక్కకు లాక్కుని నడిచాడు.